ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు

పద్యనాటకాల రోజుల్లోని గోడపత్రిక ఒకటి తలుచుకోండి. పైన పెద్దక్షరాల్లో ‘పాండవోద్యోగ విజయాలు’. కింద పాత్రధారుల పేర్లు. దుర్యోధనుడు ఒక్కడు, కర్ణుడు ఒక్కడు, ధర్మరాజు ఒక్కడు. కృష్ణుడి దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధరంగానికి మరొకరు. తిరుపతి వేంకట కవులు రాసింది ఒక్క కృష్ణుణ్ణే. స్టేజీ మీదికి ముగ్గురు ఎలా వచ్చారు? దీనికి జవాబు భారతంలో దొరకదు. నాటకం కట్టించిన కాంట్రాక్టరు జమాఖర్చుల్లో దొరుకుతుంది.

నాటకమైనా ఆటల జట్టయినా నడిపేవాడికి మొదటి తలనొప్పి ఒక్కటే. మంచివాణ్ణి ఏమిచ్చి నిలబెట్టుకోవాలి? వాడు వెళ్ళిపోతే ఆ చోట ఎవరిని పెట్టాలి? తెలుగు నాటకం దీనికి మొదట మూడు దారులు వెతికింది.

మొదటిది కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ఆడిన వాళ్ళు ఇంటిల్లిపాదీ నటులయ్యారు. తాత ధృతరాష్ట్రుడు, కోడలు ద్రౌపది, నడక నేర్చిన పిల్లవాడు లోహితాస్యుడు. జీతాల పట్టీతో పని లేదు, పొయ్యి ఒకటే కాబట్టి. కృష్ణుడు అలిగినా ఎక్కడికీ పోడు, రాత్రికి అదే గుడారం వెనక విస్తరి ముందు కూర్చోవాలి. కుటుంబం పెరిగితే సమాజం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కానీ ఇంట్లో పుట్టని ప్రతిభ బయటినుంచి రావడం కష్టం.

రెండోది దివాణం. 1910ల్లో కృష్ణా జిల్లా మైలవరం జమీందారు అండతో నడిచిన బాలభారతి నాటక సమాజం నటులకి నెలజీతాలిచ్చింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటుడు అందులో ఉండేవారు. నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంటే నటుడికి రిహార్సల్‌కి తీరిక ఉంటుంది, పద్యానికి వరస కట్టేవాడికి ఓపిక ఉంటుంది. కొత్త నాటకం ఎత్తుకోవడానికి ధైర్యమూ ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే, దివాణం చల్లగా చూసినన్నాళ్ళే ఈ వైభవం.

మూడోది ఊరి పెద్దల సమాజం. తెనాలి శ్రీరామ విలాస సభ ఇలాంటిదే. వృత్తులున్న వాళ్ళూ కళ మీద మోజున్న వాళ్ళూ కలిసి నడుపుకున్న సభలివి. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు తెనాలి నాటకరంగంతో ముడిపడిన పేర్లు. గోవిందరాజుల వారు వృత్తికి వైద్యులు. అభిమానంతో నడిచే సమాజంలో ఒకరు రాకపోతే వాళ్ళ బదులు ఇంకొకరు సిద్ధంగా ఉండరు. అదే దాని బలహీనత.

ఆ బలహీనతే ఒకసారి మేలు చేసింది. 1920లో బాపట్లలో ‘హరిశ్చంద్ర’ ఆడాల్సిన రోజున చంద్రమతి వేషగాడు రాలేదు. జనం వచ్చి కూర్చున్నారు. ఆ ఊళ్ళోనే పుట్టిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు నేను కడతానని ముందుకొచ్చాడు. ఆయనే స్థానం. ఆ తర్వాత తెనాలి వెళ్ళి రామ విలాస సభలో చేరి, సుమారు నలభై ఏళ్ళపాటు సత్యభామగా, చింతామణిగా, రోషనారగా తెలుగు దేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. బదులు మనిషిగా వచ్చినవాడు బదులే లేని నటుడయ్యాడు. అంతటి నటుడు దొరికాక ఆ సమాజం బతుకు ఆయన మీదే ఆధారపడుతుంది. ఆ ఒక్కరికీ జ్వరమొస్తే ఆ రాత్రి నాటకమే లేదు.

ఇదే చిక్కుని అమెరికాలో బేస్‌బాల్ యజమానులు మరోలా తీర్చుకున్నారు. 1879లో నేషనల్ లీగ్ క్లబ్బులవాళ్ళు గుట్టుగా ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక్కో క్లబ్బు అయిదుగురు ఆటగాళ్ళని తన కోసం అట్టే పెట్టుకోవచ్చు, మిగతా క్లబ్బులు వాళ్ళ జోలికి పోకూడదు. కాలక్రమంలో ఆ అయిదుగురూ అందరయ్యారు. ఆటగాడు ఇచ్చింది పుచ్చుకుని ఆడాలి, లేదా బ్యాటు పక్కన పెట్టి ఇంటికి పోవాలి. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు తనని వేరే క్లబ్బుకి మార్చడానికి ఒప్పుకోలేదు, మరుసటి ఏడాది కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీం కోర్టులో ఓడిపోయాడు. చివరికి 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఆ ముడి వీడింది. అప్పట్నుంచీ ఏటా ఆటలు ముగిశాక చలికాలమంతా క్లబ్బులకి ఇదే పని: ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలేయాలి, ఉన్న డబ్బు ఎవరి మీద పెట్టాలి.

మన పద్యనాటకం ఇదే మలుపు అంతకు చాలా ముందే తిరిగింది. కోర్టు లేదు, తీర్పు లేదు. ఆ పని టాకీ చేసిపెట్టింది.

1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. ఆ వెంటే సినిమావాళ్ళు నాటకాల గుడారాల వైపు చూడసాగారు. 1936లో ద్రౌపది కథతోనే రెండు సినిమాలు పోటీపడి వచ్చాయి, ఒకదానిలో యడవల్లి సూర్యనారాయణ, మరోదానిలో బళ్ళారి రాఘవ. 1938లో ‘మాలపిల్ల’లో గోవిందరాజుల, 1939లో ‘రాధాకృష్ణ’లో స్థానం. ముఖ్యమైన ఇద్దరు మద్రాసు రైలెక్కితే సమాజంలో మిగతా పదిహేనుమంది చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే. సమాజాలు సడలేకొద్దీ జనం నోట సమాజం పేరు పోయి నటుడి పేరు మిగిలింది. ‘ఏ కంపెనీ?’ అని అడిగేవాళ్ళు ‘కృష్ణుడెవరు?’ అని అడగసాగారు. నటుడు ఎవరికీ కట్టుబడనివాడయ్యాడు, రాత్రికి ఇంతని మాట్లాడుకుని వచ్చి వేషం కట్టి వెళ్ళిపోతాడు. అలాంటి వాళ్ళని తలా ఒక ఊరి నుంచి పోగుచేసి ఒక్క రాత్రికి ఒక్క స్టేజీ మీద నిలబెట్టేవాడు కావాల్సి వచ్చింది. అలా పుట్టాడు నాటకాల కాంట్రాక్టరు. అతను కట్టించేది ‘కాంబినేషన్’ నాటకం.

ఈ వ్యాపారానికి తెనాలి కుదిరినట్టు చాలా తక్కువ ఊళ్ళు కుదురుతాయి. బెజవాడ నుంచి బాపట్ల మీదుగా మద్రాసు పోయే పెద్ద లైను మీద జంక్షన్ అది. 1916లో వేసిన గుంటూరు–రేపల్లె లైను అక్కడే దాన్ని కోసుకుపోతుంది. గోదావరి వైపు నుంచి కృష్ణుడూ గుంటూరు నుంచి కర్ణుడూ ఒకే ప్లాట్‌ఫారం మీద దిగొచ్చు. ఆ రాత్రి రేపల్లె వైపు ఏ ఊళ్ళోనో ఆడి, మర్నాడు బాపట్ల వైపు మరో ఊరికి పోవచ్చు. చుట్టూరా కృష్ణా కాలవల కింద వరి. సంక్రాంతికి కుప్పలు నూర్చి ధాన్యం అమ్మాక రైతు చేతిలో నాలుగు డబ్బులాడతాయి. అక్కణ్ణుంచి శివరాత్రి తిరణాళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎండాకాలం వెన్నెల రాత్రులు. నటులకి ఊపిరాడని రోజులవి.

వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే స్టేజీలు కరువు. కాంట్రాక్టరుకి అసలు పని అప్పుడే. వచ్చే శివరాత్రికి ఏ కృష్ణుణ్ణి పట్టుకోవాలి, ఎవరికి ముందుగా బయానా ముట్టజెప్పాలి, గొంతు పోయిన పాత దుర్యోధనుణ్ణి ఇంకో ఏడాది మొయ్యాలా వద్దా? వానాకాలంలో ఇంటి ఖర్చులకి ఇబ్బందిపడే నటుడికి అడ్వాన్సు ఇచ్చినవాడికి శివరాత్రి రాత్రి దక్కుతుంది. ‘మాట ఇచ్చేశానండీ, ఈసారికి క్షమించండి’ అని నటుడు అన్నాడంటే మరో కాంట్రాక్టరు బయానా అప్పటికే ముట్టిందని అర్థం.

డబ్బుతోనే ఈ పద్ధతి నిలబడేది కాదు. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చి, ఆ సాయంత్రమే కలుసుకుని, రిహార్సల్ లేకుండా తెల్లారేదాకా ఆడాలంటే అందరి నోటా ఒకే నాటకం ఉండాలి. ఉంది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, 1890లో వచ్చిన చిలకమర్తి ‘గయోపాఖ్యానం’, 1912 నాటి బలిజేపల్లి ‘సత్య హరిశ్చంద్రీయం’, కాళ్ళకూరి ‘చింతామణి’ ఊరూరా కంఠస్థమైపోయాయి. ఏ పద్యం తర్వాత ఏ పద్యమో, ఎవరు ఎప్పుడు అందుకోవాలో స్టేజీ ఎక్కినవాళ్ళకే కాదు, చాప మీద కూర్చున్న వాళ్ళకీ తెలుసు. కాబట్టి ఏ కృష్ణుడైనా ఏ దుర్యోధనుడి ఎదుటైనా నిలబడగలడు. కవులు రాసిన పుస్తకమే, వాళ్ళు అనుకోకుండానే, ఈ వ్యాపారానికి ఒప్పందపత్రమైంది.

ఒక రాత్రి లెక్క దగ్గరగా చూద్దాం. పందిరి, పరదాలు, డ్రెస్సుల అద్దె, మైకు, ప్రచారం బండి, రైలు ఛార్జీలు, భోజనాలు – పేరున్న నటుడు వచ్చినా రాకపోయినా ఈ ఖర్చు తప్పదు. పందిరి నిండటం మాత్రం పేరు మీదే ఉంది. ఒక కృష్ణుడికి వెయ్యిమంది వస్తే, అతని అభిమానులతో పొత్తులేని మరో కృష్ణుణ్ణి కూడా తెస్తే? రెండో కృష్ణుడి పారితోషికం అదనం, జనం అంతకు మించి అదనం. పైగా ‘ఎవరు బాగా పాడారు’ అన్న పందెం ఉచితం. ఈలపాట రఘురామయ్య నోట్లో వేలు పెట్టి ఈలమీద రాగం తీస్తే ఒక వర్గం ఊగిపోయేది. షణ్ముఖి ఆంజనేయ రాజు రాగాలాపనకి ఒక వర్గం, పీసపాటి నరసింహమూర్తి మాట స్పష్టతకి మరో వర్గం. వీళ్ళలో ఇద్దర్ని ఒకే రాత్రికి తెచ్చినవాడికి పందిరి చాలదు. అదే సూత్రంతో హరిశ్చంద్రుడూ రెండయ్యాడు. కాటి సీను హరిశ్చంద్రుడంటే అదో ప్రత్యేకమైన హోదా, డి.వి. సుబ్బారావు ఆ సీనుకే పెట్టింది పేరు.

ఈ జాబితాలో అందరికంటే కింద ఉండేవాడు హార్మోనిస్టు. పని మాత్రం అందరికంటే ఎక్కువ. మొదటి కృష్ణుడి శ్రుతి ఒకటి, రెండో కృష్ణుడిది ఇంకొకటి, దుర్యోధనుడిది మరొకటి. ఎవరు ఎప్పుడు ఏ రాగంలోకి జారతారో ముందుగా చెప్పేవారుండరు. వన్స్‌మోర్ కొడితే మళ్ళీ మొదటికి రావాలి. రిహార్సల్ లేని నాటకానికి రిహార్సల్ అంతా అతని వేళ్ళలోనే ఉండేది.

చిత్రమేమిటంటే జనం విరగబడి చూసిన పడక సీను కథే జట్టు ఎంపిక. నిద్ర నటిస్తున్న కృష్ణుడి తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు. ఒకవైపు ఆయుధాలు పట్టే పెద్ద సైన్యం, మరోవైపు ఆయుధం పట్టనన్న ఒకే ఒక్కడు. దుర్యోధనుడు సంఖ్య చూసి సంతోషపడ్డాడు, అర్జునుడు పేరుని ఎంచుకున్నాడు. కాంట్రాక్టరు ఎప్పుడూ అర్జునుడి పక్షమే. అందుకే పెద్ద వేషాలకి పోగా మిగిలిన చిల్లరతో కౌరవ సభ నింపాల్సి వచ్చేది. భీష్ముడూ ద్రోణుడూ ఊళ్ళో సరదాపడ్డ వాళ్ళలోంచే లేచేవారు.

ఈ ఏర్పాటు పద్యాన్ని పల్లెపల్లెకీ చేర్చింది. అక్షరం రానివాళ్ళ నోట రాయబారం పద్యాలు ఆడించింది. దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. రాత్రికి ఇంతని వచ్చినవాడు రిహార్సల్‌కి రాడు. రిహార్సల్ లేకపోతే కొత్త నాటకం లేదు. నటుణ్ణి విడుదల చేసిన పద్ధతే నాటకాన్ని ఆ నాలుగైదు పుస్తకాలకి కట్టేసింది. సీనుకో కృష్ణుడు మారేసరికి పాత్ర పోయి పాట మిగిలింది. వానాకాలంలో నటుడి పొయ్యి ఎలా వెలుగుతుందో చూసే దిక్కు లేకపోయింది. నెలజీతం పోయినప్పుడు పోయింది జీతమొక్కటే కాదు.

ఈ పతనాన్ని ముందే పసిగట్టిన వాళ్ళు లేకపోలేదు. సురభి పెద్ద వనారస గోవిందరావు చొరవతో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. పుట్టిన ఊరు తెనాలే. కుటుంబమే సమాజంగా బతికిన మనిషి, అందరి నటులకీ ఒక గొడుగు కావాలని తలపెట్టడం గమనించాల్సిన సంగతి. ఆ తర్వాత పరిషత్తు పోటీలు కొత్త నాటకాలకి బహుమతులిచ్చి రిహార్సల్ ఖర్చులో కొంత భరించాయి. 1998 నుంచి ప్రభుత్వం ఇచ్చిన నంది నాటక బహుమతుల్లో పద్యనాటకానికి వేరే విభాగం పెట్టడం వెనక ఉన్నదీ ఈ అవసరమే.

కాంట్రాక్టరు వేసిన లెక్కనే ఇప్పుడు ఐపీఎల్ వాళ్ళు కోట్లలో వేస్తున్నారు. 2025 సీజనుకి ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ తనకున్న 120 కోట్లలో 75 కోట్లు అట్టే పెట్టుకున్న అయిదుగురి మీదే పెట్టింది. క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్ శర్మకీ చెరి 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. మిగతా జట్టంతా 45 కోట్లలో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కౌరవ సభని చిల్లరతో నింపిన లెక్కే ఇది. తేడా ఏమిటంటే, క్రికెట్‌లో రెండో వరస ఆటగాణ్ణి తయారుచేయడానికి రంజీ జట్లున్నాయి, అకాడమీలున్నాయి. పద్యనాటకానికి అలాంటిది సమాజమే. అది పోయాక కొత్త కృష్ణుడు తయారయ్యేది పాత కృష్ణుడి పద్యం విని, అనుకరించి మాత్రమే. ఇవాళ పద్యనాటకాన్ని నిలబెట్టాలనుకునే వాళ్ళు పెద్ద పేర్లకి సన్మానాలు చేసి ఊరుకుంటే లాభం లేదు. ఆ డబ్బుతో పదిమంది కుర్రాళ్ళకి ఆరు నెలల జీతం, ఒక హార్మోనిస్టు, ఒక కొత్త నాటకం ఇచ్చి చూడాలి. మైలవరం దివాణం చేసింది అదే.