ఉరులు వేయువాండ్లు

ధ్రువప్రాంతపు మారుమూల పల్లెలో మనుష్యులు ఒక్కొక్కరుగా మాయమగుటను ఇతివృత్తముగా గైకొను పాశ్చాత్య నవలాకారులకు ఒక సౌకర్యము కలదు: నూరు గడపలైన లేని ఆ పల్లెలో ఒకడు కనబడకున్న, ఆ పూటకే ఊరంతయు నెరుగును. మన సీమలో అట్లు కాదు. కదిరినుండి నల్లచెరువు మీదుగా మదనపల్లెకు పోవు బాటవంటి దూరపు బాటలపై, రైలు రాని ఆ దినములలో, బాటసారి నడుమ హతుడైనచో, సాగనంపినవారు చేరినాడనుకొందురు. ఎదురుచూచువారు ఇంకను బయలుదేరలేదనుకొందురు. ఈ రెండు భ్రమల సందుననే దక్షిణాపథమున ఫాన్సీగార్లనబడు దారిదోపిడి హంతక ముఠాల వృత్తి వర్ధిల్లినది. తెలుగువారు వీరిని ఉరులు వేయువాండ్లనిరి.

1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప బెంగుళూరు ప్రాంతమున సుమారు నూర్గురు పట్టుపడువరకు కుంపిణీవారికి వీరి సంగతి అంతగా తెలియదు. మరుసటి యేటనే దత్తమండలములు వారి వశమయ్యెను. అచ్చటి కలెక్టరు మన్రో దొర పాలెగాండ్ర నణచుచు శిస్తులు నిర్ణయించుచుండెను. చిత్తూరు మేజిస్ట్రేటు రైట్ దొర ఫాన్సీగార్ల ముఠాలను వెదకి పట్టించెను. చెన్నపట్టణమున వైద్యుడైన షెర్వుడ్ 1816లో ప్రకటించిన వ్యాసమును చదువువారికి భయముకంటె ఆశ్చర్యమే మిక్కుటముగా కలుగును: ఏలయన వీరు కొండగుహలలో దాగిన వారు కారు, ఇల్లువాకిళ్లు కలిగి, సేద్యము చేసికొనుచు, పాలెగాండ్రకు దోపుడు సొమ్ములో భాగమిచ్చి వారి నీడన బ్రతికినవారు. తోడు కలిసి నడచి, నమ్మించి, మెడకు ఉరి బిగించి, శవము ఉబ్బి పూడ్చినచోటు బయటపడకుండ గాట్లు పెట్టి పాతిపెట్టెడివారు.

నైజాము కొలువులోని మెడోస్ టైలర్ 1839లో అమీర్ అలీ యను ఠగ్గు (ఫాన్సీగార్లవంటి ఉత్తరాది హంతకులకు ఠగ్గులని పేరు) నోట చెప్పించిన నవలలో భవానీభక్తియు శకునములును లండను పాఠకులను మురిపించినవి. నాకు మాత్రము ఆ భక్తికంటె పాలెగాని వాటాయే ఈ కథకు కీలకమని తోచును.

చచ్చినవాడెవడో తేలనిచో హత్య రుజువగుట యెట్లు? అందుకే 1836 నాటి చట్టము ఠగ్గుల ముఠాలో చేరినట్లు తేలినంతనే యావజ్జీవ ఖైదు విధించెను. హతుని పేరు అక్కరలేకపోయెను. లొంగిపోయిన ఠగ్గులు ఎవనిని చూపిన, వాని పేరు మాత్రము ఖైదీల పట్టికలో కెక్కుచుండెను.