కోరంగి అను పేరు
మారిషస్‌లో తెలుగువారిని పూర్వం ‘కోరంగీలు’ అనేవారు. ఆ పేరు విని చిన్నబుచ్చుకొనేవారూ ఉన్నారు. దాని వెనుక ఉన్న దుఃఖం మన పిల్లలకు తెలియాలి.

కోరంగి గోదావరి ముఖద్వారాన ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరొకసారి తుఫాను ఉప్పెన దానిని ముంచివేసింది. రెండవసారి మూడు లక్షలమంది పోయారని చెబుతారు. శవమైనా దొరకనివారికి కర్మ ఎవరు చేస్తారు?

నాలుగేండ్లకే, 1843లో, ‘కోరింగా పాకెట్’ అనే ఓడలో మనవారు మారిషస్ చేరారు. కడుపు కోసం భయాన్ని దిగమింగి అదే సముద్రం దాటారు.

తర్పణం విడిచేటప్పుడు, పేరు తెలియని ఆ కోరంగివారికీ దోసెడు నీళ్ళు విడుద్దాం. తుఫాను హెచ్చరిక వినగానే పడవను ఒడ్డుకు లాగుదాం. సముద్రాన్ని గౌరవించడమంటే అదే.