మొలాసిస్ బిళ్లలు – ఆరు పెన్నీల పన్ను

మొలాసిస్ అనగానే ఎక్సైజు శాఖలో గుమాస్తాగా పనిచేసిన నాబోటి వారికి చక్కెర ఫ్యాక్టరీ, ట్యాంకరు లారీ, పర్మిట్టు, రిజిస్టరు గుర్తుకు వస్తాయి. దానితో పిండివంట చేస్తారంటే నమ్మబుద్ధి కాదు. కాని అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతంలో శొంఠి, దాల్చినచెక్క, లవంగాల పొడి వేసి మొలాసిస్‌తో కాల్చే బిళ్లలు తాతముత్తాతల నాటి వంటకం. పళ్లెంలో ఒకే పలకగా కాల్చి, మన మైసూర్‌పాకులా ముక్కలు కోస్తారు. వాటిని అక్కడ బార్లు అంటారు. మా శాఖ మిత్రులు అపార్థం చేసుకోవద్దని మనవి!

మొలాసిస్ అంటే బెల్లపు పాకం కాదు. మనం చెరకు రసంలోని తీపినంతా అలాగే దగ్గరకు కాచి దిమ్మ కడతాము. చక్కెర చేసేవారు పలుకు కట్టిన చక్కెరను వేరుచేస్తారు. మిగిలిన నల్లని చిక్కని ద్రవమే మొలాసిస్.

న్యూ ఇంగ్లండు చలిప్రదేశం. అక్కడ చెరకు పండదు. 17, 18 శతాబ్దాలలో ఈ సరుకు వెస్టిండీస్ దీవుల నుండి ఓడల మీద వచ్చేది. బార్బడోస్, జమైకా ఇంగ్లీషువారివి. మార్టినిక్ మొదలైనవి ఫ్రెంచివారివి. అక్కడ చెరకు నరికినవారు, రాత్రింబవళ్లు కాగుల దగ్గర నిలబడినవారు ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు. చెరకు గానుగలో చెయ్యి ఇరుక్కుంటే నరికివేయడానికి పక్కనే కత్తి సిద్ధంగా ఉంచేవారు. న్యూ ఇంగ్లండు వర్తకులు తమ నాసిరకం ఎండుచేపలను ఆ బానిసల తిండికి అమ్మి, బదులుగా మొలాసిస్ తెచ్చుకునేవారు. అందులో చాలా భాగం రమ్ము సారాయి అయ్యేది. ఆ రమ్ములో కొంత ఆఫ్రికాకు వెళ్లి మళ్లీ మనుషులను కొనేది. వంటింటికి చేరినది చక్కెర కొనలేని పేదల తీపి.

ఫ్రెంచి ప్రభుత్వం తమ బ్రాందీ వ్యాపారం దెబ్బతినకుండా రమ్మును అడ్డుకున్నది. అందువల్ల ఆ దీవుల మొలాసిస్ కారుచవకగా దొరికేది. ఇంగ్లీషు తోటల యజమానులు మొరపెట్టుకోగా 1733లో బ్రిటిష్ పార్లమెంటు విదేశీ మొలాసిస్‌పై గ్యాలనుకు 6 పెన్నీల పన్ను వేసింది. సరుకు ధరతో పోలిస్తే అది మోయలేని పన్ను. ఫలితం మనవారికి చెప్పనక్కరలేదు: దొంగ రవాణా, కస్టమ్స్ ఉద్యోగులకు మామూళ్లు. 1764లో పన్నును 3 పెన్నీలకు తగ్గించి, నౌకాదళాన్ని కాపలా పెట్టి, జ్యూరీ లేని కోర్టులలో విచారణలకు ఏర్పాటు చేశారు. అప్పుడు లేచింది గొడవ! 31 ఏళ్లు సరిగా వసూలు కాని ఆరు పెన్నీలను భరించినవారు, గట్టిగా వసూలు చేయబూనిన మూడు పెన్నీలపై తిరగబడ్డారు. 1766లో ఒక పెన్నీకి దించినా అసంతృప్తి చల్లారలేదు. ఆ పదేళ్లకే స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. స్వాతంత్ర్యానికి మొలాసిస్ కూడా ఒక ముఖ్య దినుసేనని రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ తన వృద్ధాప్యంలో రాశారు. బానిసల స్వేచ్ఛ మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఇక వంట సంగతి. 1796లో అమీలియా సిమన్స్ అచ్చువేయించిన అమెరికన్ వంటల పుస్తకంలోనే మొలాసిస్‌తో చేసే అల్లపు రొట్టె ఉన్నది. అప్పట్లో పిండి పొంగడానికి కట్టెల బూడిద నుండి తీసిన క్షారం వాడేవారు. ఇప్పుడు వంటసోడా. అమెరికాలో ఉన్న మా అమ్మాయి పద్ధతి ఇది: అరకప్పు వెన్న, అరకప్పు గోధుమరంగు చక్కెర, అరకప్పు మొలాసిస్, ఒక గుడ్డు బాగా గిలకొట్టాలి. రెండు కప్పుల మైదా, చెంచాడు సోడా, చెంచాడు శొంఠిపొడి, చెంచాడు దాల్చినచెక్క పొడి, అరచెంచా లవంగాల పొడి, చిటికెడు ఉప్పు కలిపి పళ్లెంలో పరచి, 175 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 20, 25 నిమిషాలు కాల్చాలి. మొలాసిస్‌లోని పులుపు సోడాతో కలిసి పిండిని పొంగిస్తుంది. మా ఆవిడ ఇక్కడ అనకాపల్లి బెల్లాన్ని ముదురు పాకం పట్టి, చెంచాడు పుల్లపెరుగు చేర్చి చేసింది. మొలాసిస్‌లో ఉండే చిరుచేదు రాలేదు గాని, బిళ్లలు మెత్తగా కుదిరాయి. కట్టుడు పళ్లవారు కూడా తినవచ్చు. మూతపెట్టి ఉంచితే మరునాటికి మసాలా పట్టి ఇంకా రుచిగా ఉంటాయి.