వాన వెలిసిన తరువాత

మీకో ఫొటో గురించి చెప్పాలి. నలుపు తెలుపుల పాత ఫొటో. లండన్‌లోని ఓవల్ మైదానం. బ్యాటు పట్టుకున్న మనిషి ఒక్కడు. అతని చుట్టూ, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, ఎదుటి జట్టంతా మూగేసింది. తాళి కట్టే వేళకి పీటల చుట్టూ మూగిన చుట్టాల్లాగ! క్రికెట్టు బొత్తిగా తెలియనివాళ్ళు కూడా ఆ ఫొటో చూడగానే, ఇక్కడేదో ముహూర్తం ముంచుకొచ్చిందని ఇట్టే పోల్చుకుంటారు.

అది 1968 ఆగస్టు 27. బంతి వేసినవాడు డెరెక్ అండర్‌వుడ్, కెంట్ జిల్లా కుర్రాడు. అప్పటికి 23 ఏళ్ళు.

ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ మధ్య టెస్టు మ్యాచ్, ఆఖరి రోజు. భోజనాల వేళకే ఆస్ట్రేలియావాళ్ళు సగం మంది అవుటయ్యారు. ఇక ఇంగ్లండుదే గెలుపు అనుకుంటూండగా కుండపోతగా వాన! మైదానం చెరువైపోయింది. కాసేపటికి వాన వెలిసి ఎండ కాసింది. కానీ ఆ నీళ్ళన్నీ తోడేదెవరు? టిక్కెట్టు కొనుక్కుని ఆట చూడవచ్చిన జనమే మైదానంలోకి దిగారు. చీపుళ్ళూ దుప్పట్లూ, ఏది దొరికితే అది పట్టుకుని నీళ్ళు ఊడ్చారు. ఒక దేశం పరువు చీపురుకట్ట నిలబెట్టిందంటే మనం కాక ఇంకెవరు మెచ్చుకుంటారు చెప్పండి!

మళ్ళీ ఆట మొదలయ్యేసరికి మిగిలింది గంటంబావు. చాలాసేపు వికెట్టే పడలేదు. చివరికి డొలివేరా ఒకణ్ణి అవుట్ చేసి దారి తీశాడు. ఆ తరువాత అండర్‌వుడ్ 27 బంతుల్లో మిగిలిన నలుగురినీ పంపించేశాడు. ఆఖరివాడు ఇన్వెరారిటీ. పొద్దున్నించీ పట్టు విడవకుండా నిలబడ్డవాడు. బంతి బయటికి తిరుగుతుందనుకుని బ్యాటు తప్పించి కాలు అడ్డం పెట్టాడు. అది తిరగలేదు, తిన్నగా వచ్చి కాలికి తగిలింది. ఆట ముగియడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది. ఆ ఇన్నింగ్సులో అండర్‌వుడ్‌కి ఏడు వికెట్లు.

అసలు అతను వేసే బంతిలో ఏముంది? స్పిన్నర్ అనగానే మనకి బిషన్ సింగ్ బేడీ గుర్తొస్తాడు. అతనూ ఎడంచేతివాడే. నాలుగడుగులు నింపాదిగా వేసి, బంతిని గాల్లోకి తేలేసి, రా రమ్మని ఊరించేవాడు. అండర్‌వుడ్‌కి ఊరించడం తెలియదు. స్పిన్నర్‌కి అక్కర్లేనంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, బంతిని పైకి లేవనివ్వకుండా విసురుగా వేసేవాడు. వేళ్ళతో గిర్రున తిప్పడం కంటే, కత్తిపీట మీద కూర కోసినట్టు బంతి పక్కని కోస్తూ వదిలేవాడు. వేసిన చోటే మళ్ళీ వేసేవాడు. వేసిన చోటే ఇంకోసారీ వేసేవాడు. కొట్టబోతే కొట్టడానికి చోటివ్వడు, వదిలేద్దామంటే వదలనివ్వడు.

మామూలు రోజున ఇది విసుగు పుట్టించే పని. వాన వెలిసిన రోజున మాత్రం పిడుగే. కళ్ళాపి చల్లిన వాకిలి ఎండలో ఆరడం మీరు చూసే ఉంటారు. పైన పెళుసుగా పొర కడుతుంది, కింద ఇంకా మెత్తగానే ఉంటుంది. పిచ్ కూడా అంతే. అలాంటి చోట విసురుగా పడ్డ బంతి నేలని పట్టుకుని, ఒకటి పక్కకి తిరుగుతుంది, ఇంకొకటి గభాల్న గుండెల మీదికి లేస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆట జరిగే వేళ వాన పడితే పిచ్‌ని తడవనిచ్చేవారు. 1973లో హేస్టింగ్స్‌లో అలాంటి పిచ్ మీద అతను తొమ్మిదంటే తొమ్మిది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. 'డెడ్లీ' అని తోటివాళ్ళు పెట్టిన పేరు ఊరికే రాలేదు.

అయితే అదంతా వాన చలవే అంటే నేనొప్పుకోను. 1976–77లో మన దేశానికి వచ్చి, బేడీ నాయకత్వంలోని మన జట్టు మీద, మన ఎండల్లో, అయిదు టెస్టుల్లో 29 వికెట్లు పట్టుకుపోయాడు. టెస్టుల్లో మన గవాస్కర్‌ని 12 సార్లు అవుట్ చేశాడు. ఎండిన నేల మీద ఏళ్ళ తరబడి అదే చోట బంతి వేసి వేసి చెయ్యి కుదుర్చుకున్నవాడికే వాన వరమైంది. చెయ్యి కుదరనివాడికి తడి పిచ్ ఇచ్చినా జారిపడటమే.

1980ల తొలినాళ్ళకి పిచ్‌ల మీద పూర్తిగా కప్పులు వచ్చేశాయి. ఆ విద్యకి చోటు లేకుండా పోయింది. అండర్‌వుడ్ లెక్క 86 టెస్టులు, 297 వికెట్లు. మరో మూడైతే మూడువందలు. ఆ మూడూ ఎందుకు రాలేదో తెలిసినప్పుడు మాత్రం నా మనసు చివుక్కుమంది. నల్లవాళ్ళని మనుషులుగా చూడని దక్షిణాఫ్రికాకి, వద్దన్నా వినకుండా, డబ్బుకి ఆడటానికి 1982లో వెళ్ళిన జట్టులో అతనూ ఉన్నాడు. మూడేళ్ళ నిషేధం పడింది. మళ్ళీ టెస్టు ఆడలేదు.

బేడీ 2023 అక్టోబరులో పోయాడు. ఆరు నెలలు తిరక్కుండానే, 2024 ఏప్రిల్లో అండర్‌వుడ్ కూడా వెళ్ళిపోయాడు. ఆ కబురు విన్న రోజున నేను మళ్ళీ ఆ ఫొటో తీసి చూశాను. గుమిగూడిన మనుషుల్లో డొలివేరా కనిపించాడు. దక్షిణాఫ్రికాలోనే పుట్టి, ఒంటిరంగు వల్ల అక్కడ చోటు దొరక్క ఇంగ్లండు చేరినవాడు. ఆ మ్యాచ్‌లోనే 158 పరుగులు చేసినవాడు. ఆ తరువాత కొద్ది వారాలకే, అతను ఉన్న జట్టుని మా గడ్డ మీదికి రానివ్వమంది దక్షిణాఫ్రికా. పర్యటనే రద్దయింది.

ఆ సాయంత్రం అండర్‌వుడ్‌కి దారి తీసిపెట్టింది ఆ డొలివేరాయే. వేసిన చోటే మళ్ళీ వెయ్యడం ఎరిగిన అంతటి చెయ్యి, పద్నాలుగేళ్ళ తరువాత ఒక్కసారి గురి తప్పింది.