అమరావతికి సైకిలు ప్రయాణము



చరిత్రోపన్యాసమును రాజవంశావళితో ప్రారంభించుట మావంటివారికి వాడుక. నేడు నేను సైకిలుతో ప్రారంభింపబోవుచున్నాను; పెద్దలు మన్నింతురుగాక. ముప్పది సంవత్సరములకు పైగా బడిపిల్లలకు తెలుగును, చరిత్రను చెప్పి విరమించినవాడను. అమరావతీస్తూపమును గూర్చిన పాఠము ఎన్ని పర్యాయములు చెప్పితినో లెక్కలేదు. కాని ఆ పాఠమునకు అర్థము నాకు తెలిసినది మొన్నటి మార్గశిరమాసమున, ఒక చిన్ననాటి మిత్రునితో సైకిలుపై గడపిన ఒక్కదినమున.

ఆయన వ్యవసాయదారుడు. మేమిరువురమును 1976లో అద్దె సైకిళ్లు తీసికొని గుంటూరునుండి అమరావతికి పోయి వచ్చితిమి. ఇప్పుడిరువురకును అరువది దాటినవి. "ఏమోయి పంతులూ, కాళ్లాడుచుండగానే ఇంకొకసారి పోయి వత్తమా?" అని ఆయన అడిగెను. బస్సులుండగా ఈ వేషములేమని మా ఇంటివారు కోపించిరి. అయినను ఒక తెల్లవారుజామున పెరుగన్నము మూటలు కట్టుకొని బయలుదేరితిమి.

గుంటూరునుండి అమరావతి సుమారు 32 కిలోమీటర్లు, అనగా పూర్వపు లెక్కను 20 మైళ్లు. లాం చేరునప్పటికి మంచు విడిచెను. అచ్చట టీ త్రాగి సాగితిమి. ఇరుప్రక్కల మిరపతోటలు, ప్రత్తిచేలు. ఉత్తరపుగాలి ఎదురై రొమ్మును నెట్టుచుండెను. పూర్వము పందెములు వేసి త్రొక్కిన త్రోవలో ఇప్పుడొకరికొకరు ఆగుచు, ఆయాసము తీర్చుకొనుచు పోయితిమి. ప్రొద్దు బారెడెక్కినప్పటికి ధరణికోట కనబడినది.

ఈ ధరణికోటయే శాతవాహనులనాటి ధాన్యకటకము. దానిని చేరియున్న మహాచైత్యము క్రీస్తుకు పూర్వమే ఆరంభమై, క్రీస్తుశకము రెండవ శతాబ్దమునాటికి సంపూర్ణవైభవమును పొందినది. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు గల శాసన మిచ్చట దొరకినది. అయితే ఈ చైత్యము రాజులు మాత్రమే కట్టించినది కాదు. గృహస్థులు, భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు ఒక్కొక్క పలకను, ఒక్కొక్క స్తంభమును ఇచ్చి, వానిపై తమ పేళ్లు చెక్కించుకొనిరి. వారిలో విధికుడను చర్మకారు డొకడు. తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలసి పూర్ణకుంభము చెక్కిన పలకను సమర్పించెను. అట్టి పూర్ణకుంభమే నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రచిహ్నమందున్నది. ఒక చెప్పులుకుట్టువాని ఇంటి దానము ఎంతదూరము వచ్చినదో చూడుడు!

అట్టి చోట నేడు మిగిలియున్నది పల్లమైన గుండ్రని ఇటుకదిబ్బ, చుట్టును నిలిపిన కొన్ని రాళ్లు. నా మిత్రుడు దానిచుట్టు ఒకసారి తిరిగివచ్చి, "దొరలు మన సొమ్మంతయు దోచుకొనిపోయిరి గదా!" అని మండిపడెను.

ఆయన మాటలో సత్యము లేకపోలేదు. 1845లో వాల్టరు ఇలియట్టు త్రవ్వించి మద్రాసునకు పంపిన పలకలు, అచ్చట చాలకాలము ఎండవానలకు పడియుండి, 1859లో ఓడపై లండనునకు పోయినవి. 1880లో బ్రిటిషు మ్యూజియమును చేరి, నేటికిని అందులోనే యున్నవి. మరికొన్ని చెన్నపట్టణపు మ్యూజియములో నున్నవి.

"కాని అంతకు ముందు మాట విను" అని నేనంటిని. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి అమరావతిని క్రొత్తగా కట్టించునప్పుడు, దీపాలదిన్నె యను ఈ మట్టిదిబ్బలో ఇటుకలు, రాళ్లు కలవని కూలీలు కనుగొనిరి. ఆ వార్త విని మెకంజీదొర 1797లో వచ్చి చూచెను. మరల 1816లో వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియున్నది. పలకలు మెట్లయినవి, గోడలయినవి. సున్నపురాయి గావున సున్నమునకై బట్టీలలోను కాలినవి. మెకంజీ తన మనుష్యులచే మిగిలినవానికి చిత్రములు వ్రాయించుటచేతనే, నశించిన పలకలలో కొన్నింటి రూపమైనను మనకు దక్కినది.

"అయితే దొరలు మంచివారందువా?" అని ఆయన గద్దించెను. "అనను. కొనిపోయినవారు పరాయివారు, కాల్చినవారు మనవారు. రెండును లెక్కలో వ్రాయవలెను" అంటిని. ఆయన మాటాడలేదు. కోపము వచ్చినదనుకొంటిని.

అటనుండి అమరేశ్వరాలయమునకు పోయి స్వామిని సేవించుకొంటిమి. ఆ యాలయములోని స్తంభముపై కోట వంశీయుడైన కేతరాజు 1182లో వేయించిన శాసనము కలదు. శివాలయపు స్తంభముపై నున్న ఆ శాసనములో బుద్ధదేవునకు గ్రామములను, దీపములను ఇచ్చిన సంగతి యున్నది. ఒక దేవుని గుడిలో ఇంకొక దేవుని సొత్తును వ్రాసి కాపాడిన కాలమది. అంతే కాదు; 1344 నాటి గడలదెనియ శాసనమువలన, సింహళమునుండి ధర్మకీర్తి యను స్థవిరుడు వచ్చి ధాన్యకటకమున ప్రతిమాగృహమును బాగుచేయించినట్లు తెలియుచున్నది. పదునారువందల యేండ్లు జనులు నిలుపుకొన్నది, నిలుపువారు లేక దిబ్బయైనది.

కృష్ణయొడ్డున అన్నము తిని మరలితిమి. ఇప్పుడు గాలి వీపునకు సాయమాయెను గాని, దారిలో నా వెనుకచక్రమున తుమ్మముల్లు దిగినది. అరమైలు నడిపించుకొనిపోగా ఒక మరమ్మతుకొట్టు దొరకినది. ఆ కుఱ్ఱవాడు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగలు చూచుచుండ, నా మిత్రుడు నెమ్మదిగా ఇట్లనెను:

"పంతులూ, మా పెరటిలో నూతియొద్ద తెల్లబండ నెరుగుదువు గదా. మా ముత్తాత అమరావతినుండి బండిమీద తోలించెనని నాయనమ్మ చెప్పెడిది. ఉదయమునుండి దొరలను తిట్టుచున్నాను గాని, లోపల అదియే పీకుచున్నది."

నాకు నోట మాట రాలేదు. ఏబదియేండ్లనుండి ఆ బండమీద నిలిచి కాళ్లు కడుగుకొన్నవాడను నేను. కాళ్లు కడుగుకొని లోనికి పోయి, ఆయన బిడ్డలకు అమరావతి పాఠము చెప్పినవాడను నేను!

ఆయన ఊరు మా దారిలోనిదే. చీకటి పడువేళకు చేరి, గునపములతో ఆ బండను లేపి, టార్చిలైటు వేసి చూచితిమి. అడుగుప్రక్కను సగము పద్మమున్నది. తక్కిన సగము గట్టునకు సరిపడుటకై కొట్టివేయబడినది. అంచున నాలుగైదు బ్రాహ్మీలిపి అక్షరములు అరిగియున్నవి. నేను చదువజాలకపోతిని. అది ఏ విధికుని పేరో, ఏ తల్లి పేరో!

అప్పుడు తోచినది. ఆ చైత్యమును సామాన్యులు ఒక్కొక్క రాయిగా కట్టిరి. సామాన్యులే ఒక్కొక్క రాయిగా విప్పిరి. విప్పినవారు దుర్మార్గులు కారు. నూతికి గట్టు కావలసినవారు. అందుచేతనే ఈ సంగతి మనవంటి వారు వినవలసినది.

మరునాడు పురావస్తుశాఖవారికి అర్జీ నేను వ్రాసితిని, ఆయన చేవ్రాలు చేసెను. మేము గునపములతో కదల్చుటయు తప్పేనని తరువాత తెలిసికొంటిమి. పెద్దలారా, మీ యూర పొలముగట్టున, చావడిమెట్లలో, నూతియొద్ద చెక్కడపురాయి గాని, అక్షరములున్న రాయి గాని కనబడినచో, కదల్పకుడు, సున్నము కొట్టకుడు. తహశీల్దారునకో పురావస్తుశాఖకో తెలుపుడు.

నా మిత్రుని నూతియొద్ద ఇప్పుడు కడపబండ యున్నది. కాళ్లు కడుగుకొనుటకు అదియు చక్కగనే యున్నది.