పేరు చించేసిన చీటీ

1974 డిసెంబర్ 1. వాషింగ్టన్ దగ్గరి డల్లస్ విమానాశ్రయంలో దిగబోతున్న టీడబ్ల్యూఏ 514 విమానం వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొంది. అందులోని 92 మందీ చనిపోయారు. ఆరు వారాల ముందు అక్కడే యునైటెడ్ సంస్థ విమానం ఒకటి త్రుటిలో తప్పించుకుంది. ఆ సంగతి కంపెనీకి తెలిసింది, తన పైలట్లను హెచ్చరించింది కూడా. కానీ మాట ఆ గడప దాటలేదు.

మరుసటి ఏడాది విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, జరగబోయి తప్పిన ప్రమాదాల గురించి తనకే రాయమంది. లైసెన్సు ఊడబీకగల వాడికి తన పొరపాటు ఎవరు రాసిస్తారు? అందుకే 1976లో ఆ పని నాసాకి అప్పగించారు. ఎవరినీ శిక్షించే అధికారం లేకపోవడమే నాసాకున్న అర్హత. అక్కడి వైద్యుడు చార్లెస్ బిల్లింగ్స్ ఈ ఏర్పాటుకి రూపమిచ్చారు. ఫారంలో పేరున్న ముక్కని వేరుచేసి, తేదీ ముద్ర వేసి, రాసినవాళ్లకే తిరిగి పంపేస్తారు. నకలు ఉంచుకోరు. మిగిలిన సంగతి అందరికీ చేరుతుంది. అసలు ఆవిష్కరణ ఆ ముక్కేనంటాను నేను.

1982లో బ్రిటన్ ఇదే పద్ధతిని చిర్ప్ పేరుతో మొదలుపెట్టింది. 2003లో ఓడలకు, తర్వాత విలాస యాట్లకు విస్తరించింది. యాట్‌లో ఉండేదే కొద్దిమంది, తర్వాతి కొలువు కెప్టెన్ చెప్పే మాట మీద ఆధారపడుతుంది. పడవ ఏదో తెలిస్తే మనిషెవరో తెలిసినట్టే.

మన దగ్గర భోపాల్ గ్యాస్ విషాదం తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదం పొంచి ఉందని యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకీ చెప్పే హక్కు కార్మికుడికి వచ్చింది. ఆ చట్టం 2025 నవంబరులో రద్దయ్యేదాకా, ఫిర్యాదు చేసినవాడి పేరు ఇన్‌స్పెక్టరు బయటపెట్టకూడదని 118ఏ సెక్షన్‌లో ఉండేది. ఫిర్యాదు అందినందుకే తనిఖీకి వచ్చానని కూడా అనకూడదనేది. గట్టి రక్షణే, కాగితం మీద. కానీ సగం పనే. పేరు దాచడం ఉండేది, సంగతి పక్క ఫ్యాక్టరీకి చేరే దారి ఉండేది కాదు.

2025 జూన్ 30న హైదరాబాద్ దగ్గరి పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి, ఆచూకీ దొరకని 8 మందితో కలిపి 54 మంది పోయారు. యంత్రాలు పాతబడ్డాయని నాన్న ముందే చెప్పినా వినలేదని, చనిపోయిన ఒక కార్మికుడి కొడుకు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం షెడ్లలో ఇలాంటి చీటీ నడపాలంటే దాన్ని తనిఖీ శాఖ చేతిలో పెట్టి లాభం లేదు. బిహార్, ఒడిశా కార్మికులకు అర్థమయ్యేలా హిందీలో, ఒడియాలో కూడా ఫారం ఉండాలి. సంగారెడ్డి పక్కనే కందిలో ఐఐటీ ఉంది. దానికి ఎవరి లైసెన్సూ రద్దుచేసే అధికారం లేదు.