ఆయమ్మ కావలెను

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా ఈ మెసేజ్ వస్తుంది. "మూడేళ్ల బాబు. ప్లే స్కూల్ పన్నెండున్నరకి అయిపోతుంది. సాయంత్రం ఆరు దాకా చూసుకోవడానికి తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకో రెండిళ్ల వాళ్లు కలిసినా సరే." అరగంటలో కింద "మాకూ కావాలి" అని నాలుగు జవాబులు. మనిషి పేరు మాత్రం ఒక్కటీ రాదు.

"తెలిసిన మనిషి" అన్న మాట చూడండి, దానికి రెండు అర్థాలు. మనకు తెలిసిన మనిషి ఒకటి, పని తెలిసిన మనిషి ఒకటి. పిల్లల్ని అప్పజెప్పేటప్పుడు మనం ఎక్కువగా మొదటి దాని గురించే వాకబు చేస్తాం. ఏ ఊరు, ఇంతకుముందు ఎవరింట్లో చేసింది, చేతివాటం లేదు కదా. పసిపిల్లల గురించి ఆమెకు ఏం తెలుసని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండో ప్రశ్న ఎప్పుడు పుట్టిందో చూద్దామని మొదలుపెడితే, నాలుగు దేశాలు తిరగాల్సి వచ్చింది.

ముందు మాటల సంగతి. మన పాత మాట దాది. సంస్కృతంలో ధాత్రి, అంటే పాలిచ్చి పెంచే తల్లి. ఆయా మాత్రం మనది కాదు, పోర్చుగీసు వాళ్ల ఇళ్ల నుంచి వచ్చింది. తర్వాత ఆంగ్లేయుల బంగళాల్లో స్థిరపడింది, ఇప్పుడు మన అంగన్‌వాడీల్లోనూ ప్లే స్కూళ్లలోనూ "ఆయమ్మ" అయి కూర్చుంది. ఆ దొరల పిల్లల్ని పెంచిన ఆయాల కథ చదివితే మనసు కలుక్కుమంటుంది. ఓడ ప్రయాణంలో నెలల తరబడి పిల్లల్ని ఎత్తుకుని తిప్పడానికి వాళ్లని ఇంగ్లండు దాకా తీసుకెళ్లేవారు. అక్కడ దిగాక కొందరిని తిరుగు టికెట్ కూడా ఇవ్వకుండా వదిలేసేవారు. అలాంటి వాళ్లు తలదాచుకోవడానికి లండన్‌లో ఆయాల కోసమే ఒక వసతి గృహం ఉండేది. 1900 నుంచి అది హాక్నీ ప్రాంతంలో నడిచింది. 2022లో ఆ ఇంటికి నీలం ఫలకం పెట్టారు. సముద్రం మీద వాంతులు చేసుకునే పిల్లని ఎలా ఊరుకోబెట్టాలో వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? అయినా అది ఒక విద్య అని ఎవరూ అనుకోలేదు.

నలుగురి పిల్లల్ని ఒకచోట చేర్చి చూసుకునే ఏర్పాటుకి పేరు పెట్టినవాడు మాత్రం పారిస్ న్యాయవాది ఫిర్మాన్ మార్బో. 1844 నవంబరులో, కూలికి వెళ్లే తల్లుల పిల్లల కోసం ఆయన మొదటి క్రెష్ తెరిచాడు. క్రెష్ అంటే ఏసును పడుకోబెట్టిన పశువుల తొట్టి. అందులో పనిచేసే ఆడవాళ్లను ఊయలలు ఊపేవాళ్లు అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. పాలు తాగే పిల్లలుంటే తల్లి మధ్యలో పని ఆపి వచ్చి పాలిచ్చి వెళ్లాలి. ఇంతకీ అక్కడ అర్హత ఎవరికి పెట్టారనుకున్నారు? ఊపేవాళ్లకంటే ముందు తల్లికి! ఆమె పేదరాలై ఉండాలి, బయట పనికి వెళ్లాలి, మంచి నడవడిక గలదై ఉండాలి. లేకపోతే బిడ్డను చేర్చుకోరు. తండ్రి నడవడిక గురించి అందులో ప్రస్తావన లేదు.

చూసుకునే మనిషికి చదువు ఉండాలని పట్టుబట్టింది లండన్‌లో బడి నడిపిన ఎమిలీ వార్డ్ అనే టీచరు. 1892లో ఆమె నోర్లాండ్ అనే సంస్థ పెట్టి, ఇళ్లలో పిల్లల్ని చూసే పనికి అమ్మాయిల్ని తయారు చేసింది. జర్మనీకి చెందిన ఫ్రోబెల్ చెప్పిన పద్ధతిలో ఆటలతో నేర్పడం, ఆసుపత్రిలో కొంతకాలం పని, యూనిఫాం, అన్నీ ఉండేవి. పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు. ప్రతి అమ్మాయికీ ఒక పుస్తకం ఇచ్చేవారు, పనిచేసిన ఇంటివాళ్లు అందులో అభిప్రాయం రాయాలి. వాట్సాప్ గ్రూపులో "ఆవిడ ఎలా చేస్తుందండీ?" అని మనం అడిగేది ఆ పుస్తకంలో ఉండేదన్నమాట. అంత ఖర్చు పెట్టుకోగలిగింది ఉన్నవాళ్లే. శిక్షణ ఉన్న మనిషి ఒక్క ఇంటికి, కూలి చేసుకునే తల్లులందరికీ కలిపి ఊయల ఊపేవాళ్లు. ఈ తేడా ఇప్పటికీ పోలేదని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ గీతను చెరిపే ప్రయత్నం చేసిన ఇద్దరు ఆడవాళ్ల పేర్లు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండాలి. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టాడు. 1923లో తారాబాయి మోదక్ అక్కడ చేరింది. ఇద్దరూ మాంటిస్సోరి పద్ధతిని మన పిల్లలకు తగ్గట్టు మార్చుకున్నారు. (1939లో మాంటిస్సోరి స్వయంగా మద్రాసు అడయారు వచ్చి దాదాపు మూడు వందల మందికి శిక్షణ ఇచ్చింది. యుద్ధం మూలంగా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయింది కూడా.) కానీ పట్నంలో బడి పెట్టుకుని కూర్చుంటే డబ్బున్నవాళ్ల పిల్లలే వస్తున్నారు. అందుకని 1945లో తారాబాయి, యాభై దాటిన వయసులో, బొంబాయికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న బోర్డి అనే ఊరికి వెళ్లిపోయింది. చిన్నప్పుడే పెళ్లయి, నెలలు తిరక్కుండానే భర్తను పోగొట్టుకున్న అనుతాయి వాఘ్ ఆమెకు తోడైంది.

అక్కడ వార్లీ గిరిజనుల పిల్లలు బడికి రాలేదు. వీళ్లేం చేశారంటే, సామాను సంచిలో వేసుకుని వాళ్ల గుడిసెల ముంగిళ్లకే వెళ్లారు. అంగణంలో నడిచే బడి కాబట్టి అంగన్‌వాడీ. ఖరీదైన చెక్క పరికరాలకు బదులు గింజలు, గవ్వలు, ఆకులు, గులకరాళ్లు. పిల్లలకు స్నానాలు, తల దువ్వడాలు కూడా పాఠమే. పశువుల్ని కాసే పిల్లల కోసం బడి పచ్చిక బయలుకి వెళ్లింది. కొన్నాళ్లకు వాళ్లకు ఇంకో సంగతి అర్థమైంది. ఎనిమిదేళ్ల అక్క బడికి రాకపోవడానికి కారణం ఆమె చంకలో ఉన్న చెల్లి. చెల్లిని చూసేవాళ్లు లేకపోతే అక్కకు చదువు లేదు. అందుకని పసిపిల్లల క్రెష్, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటినీ పక్కపక్కన పెట్టారు. 1957లో పని దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకు మారింది. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకుల్లో మొదలుపెట్టిన పథకంలోని కేంద్రాలకు వాళ్ల ముంగిలి మాటే పేరైంది. అప్పటికి తారాబాయి పోయి రెండేళ్లయింది.

చట్టంలో కూడా ఒక మంచి మాట ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం, యాభై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలంది. 1976లో ఆ యాభైని ముప్పై చేశారు. ఆ గది చూసుకునే స్త్రీలు పసిపిల్లల సంరక్షణలో శిక్షణ పొందినవాళ్లై ఉండాలని స్పష్టంగా రాశారు. పని తెలిసిన మనిషి అన్నమాట! అయితే ఆ చట్టం ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగిపోయేది. నిజామాబాద్, జగిత్యాల వైపు ఆకులు, తంబాకు ఇంటికి తెచ్చుకుని బీడీలు చుట్టే తల్లికి గది ఎక్కడిది? ఒక కాలితో ఊయల ఊపుతూ చేత్తో బీడీ చుడుతుంది. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట దేశమంతా తిరిగే కుటుంబాలకైతే గోడే లేదు, గోడ కట్టేది వాళ్లే. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కడుతున్న చోట దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో క్రెష్ మొదలుపెట్టింది. పని ఎక్కడికి పోతే క్రెష్ అక్కడికి పోతుంది కాబట్టి దానికి మొబైల్ క్రెషస్ అని పేరు.

ఇక ఆఫీసు తల్లుల సంగతి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై మంది ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఇవ్వాలన్నారు. ఇతరులతో ఉమ్మడిగా పెట్టుకున్నా ఫరవాలేదు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. మరి మా అపార్ట్‌మెంట్ వాళ్లు వాట్సాప్‌లో ఎందుకు వెతుకుతున్నారు? ఒకరిది పదిహేను మంది ఉన్న చిన్న ఆఫీసు, ఇంకొకరికి క్రెష్ ఉంది కానీ గంటన్నర ప్రయాణం. కనుక ఉమ్మడి మనిషి.

మొన్న నాలుగిళ్ల వాళ్లు కలిసి మనిషిని చూసే పని నాకు అప్పజెప్పారు. "మీరు ఇంట్లోనే ఉంటారు కదా" అన్నారు. అసలు ముందు అడిగింది పిల్లల్ని నన్నే చూసుకోమని. అప్పుడు జీతం మాట ఎవరి నోటా రాలేదు! ఇంట్లో ఉండే ఆడది చేస్తే అది పని కిందకి రాదు, పని కానిదానికి అర్హత ఏమిటి, అర్హత లేనిదానికి డబ్బేమిటి. అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ ప్రభుత్వం ఇచ్చేదాన్ని ఇప్పటికీ గౌరవ వేతనం అనే అంటారు.

వచ్చిన ముగ్గురినీ నేను ఊరు, పేరు కాకుండా ఇవి అడిగాను. పిల్లాడి గొంతులో శనగగింజ ఇరుక్కుంటే ఏం చేస్తావు? జ్వరం వస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు? తెలిసిన మొహమే కానీ తల్లి చెప్పని మనిషి వచ్చి పాపను పంపమంటే? అన్నం తిననని మొండికేస్తే? మొదటి ఇద్దరూ "కొట్టనమ్మా" అని ఒకే జవాబు చెప్పారు. మూడో ఆమె ఒక ప్లే స్కూల్లో ఆరేళ్లు ఆయమ్మగా చేసింది. గింజ అనగానే పిల్లాణ్ణి బోర్లా వంచి వీపు మీద ఎలా చరచాలో చేసి చూపించింది. తర్వాత ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "నాకు నాలుగేళ్ల పాప ఉందమ్మా, తెచ్చుకోవచ్చా?"

రాత్రి నాలుగిళ్ల వాళ్లం కూర్చున్నాం. "సొంత పిల్ల ఉంటే మన పిల్లల్ని ఏం చూస్తుంది" అన్నారు ఒకరు. ఆ అమ్మాయి ఎక్కడ ఉండాలి మరి, అంటే ఎవరూ మాట్లాడలేదు. చివరికి వాళ్లు వేరే ఏర్పాటు చూసుకున్నారు, ముగ్గురు మిగిలారు. పదహారు వేలు నాలుగు భాగాలు కావలసింది మూడు భాగాలైంది. అంటే ఇంటికి నాలుగు వేల బదులు 5,333. సెలవులు, సంక్రాంతికి అదనం ఒక కాగితం మీద రాసుకున్నాం, ఆమెకు ఒక కాపీ ఇచ్చాం. ఆమె పాపతో కలిపి ఇప్పుడు నలుగురు పిల్లలు. నాలుగింటికి పెట్టే చిరుతిండి ఎవరు పంపాలన్నది మాత్రం తేలలేదు, ప్రస్తుతానికి వారానికో ఇల్లు.